అచ్చు తప్పిన చక్రాలు

పట్టుగూళ్ళ రాశిలో అక్కడక్కడ ఒక వింత గూడు కనిపిస్తుంది. రెండు పురుగులు దేని గూడు అది కట్టుకోవడానికి బదులు ఒకదానికొకటి చేరువై, రెండూ కలిసి ఒకే గూడు అల్లుకుంటాయి. మదనపల్లె, కుప్పం చుట్టుపక్కల పట్టుపురుగులు పెంచే కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు. ఆ జంటగూటి నుంచి దారం తీయబోతే రెండు పోగులూ పెనవేసుకుని పదే పదే తెగుతాయి. అందువల్ల దారం తీసేవారు అలాంటి వాటిని ముందుగానే ఏరి పక్కన పెడతారు. నాణ్యమైన దారానికి అది పనికిరాని సరుకు. అయితే అదే జంటగూటి నుంచి వచ్చే, మధ్యమధ్య ముడులు తేలిన మందపాటి దారంతోనే డూపియన్ పట్టు నేస్తారు. ఆ ముడులను చూసే జనం దాన్ని కోరి కొంటారు.

ఈ వ్యాసం మాత్రం పట్టు గురించి కాదు, రిమోట్ కార్ల గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నలభై యాభై ఏళ్ళ కిందటి రిమోట్ కార్లలో అచ్చు సరిగా పడక, రంగు కుదరక, కర్మాగారం తిరస్కరించిన విడిభాగాల గురించి. వాటిని ఏరికోరి సేకరించేవారు జపానులో, బ్రిటన్‌లో, అమెరికాలో ఉన్నారు. సగం మాత్రమే పోతపడిన ఒక చక్రం కోసం, నల్లగా ఉండవలసింది తెల్లగా వచ్చిన ఒక చట్రం కోసం వారు నెలల తరబడి వెతుకుతారు. దొరికితే కొత్త కారు ఖరీదుకు మించి చెల్లించడానికీ వెనుకాడరు.

వినగానే నవ్వు రావచ్చు. కానీ తిరస్కరించిన సరుకు విలువ ఎంత అన్న ప్రశ్న మన ప్రాంతానికి కొత్తది కాదు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో రోజుల తరబడి మగ్గం మీద నేసిన చీరలో ఒక్కచోట పోగు తప్పినా అది 'డ్యామేజీ' లెక్కలో పడుతుంది. టమాటా మార్కెట్లో మచ్చపడిన కాయ వేరే బుట్టలోకి పోతుంది. కుప్పం గ్రానైటు క్వారీలో సన్నని పగులుగీత ఒకటి బయటపడితే ఎంత పెద్ద దిమ్మె అయినా ఎగుమతికి నోచుకోదు. ఇక పుంగనూరు ఆవు కథ అందరికీ తెలిసిందే. పొట్టిదనీ, పాలు తక్కువనీ రైతులే వదులుకున్న ఆ జాతికి ఇవాళ ఆ పొట్టితనమే ధర తెచ్చిపెడుతోంది. ఆవు పొట్టిగా ఉండటం లోపం కాదు, అల్లాహ్ సృష్టిలోని వైవిధ్యం. కాబట్టి ఆ పోలికను అక్కడితో ఆపుదాం. మనిషి చేతిలో, మనిషి యంత్రంలో పుట్టిన లోపం సంగతి వేరు. దానికి ఒక యజమాని ఉంటాడు, ఒక కారణం ఉంటుంది, అమ్మేవాడికి ఒక బాధ్యత ఉంటుంది.

కలప కంపెనీ నుంచి కారు దాకా

రేడియో తరంగాలతో నడిచే బొమ్మకారును మార్కెట్లోకి తెచ్చిన తొలి సంస్థలలో ఇటలీకి చెందిన ఎల్జీ ఒకటి. 1966లో అది ఫెరారీ 250 ఎల్.ఎం. నమూనాను తయారు చేసింది. కానీ ఈ అభిరుచి సామాన్య కుటుంబాల దాకా వచ్చింది జపాను ద్వారా. షిజుఒకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన టామియా సంస్థ మొదట కొయ్య నమూనాలు చేసింది. 1960 నుంచి ప్లాస్టిక్ వైపు మళ్ళింది. పోర్షే కారు నమూనాను నిక్కచ్చిగా తయారు చేయాలన్న పట్టుదలతో ఆ సంస్థను నడిపిన షున్‌సాకు టామియా నిజమైన పోర్షే 911 కారునే కొని, దాన్ని విప్పదీసి చూశాడు. 1976లో టామియా తొలి రిమోట్ కారు వచ్చింది. అదీ పోర్షేయే, 934 నమూనా. అసలు కారులో పన్నెండో వంతు పరిమాణం. ఆ తరువాత 1979లో ఇసుకలో పరుగెత్తే శాండ్ స్కార్చర్, రఫ్ రైడర్, 1983లో ఫ్రాగ్, 1984లో గ్రాస్‌హాపర్, హార్నెట్ వచ్చాయి. జపానులోనే క్యోషో సంస్థ 1982లో స్కార్పియన్‌ను, అమెరికాలో అసోసియేటెడ్ సంస్థ 1984లో ఆర్.సి.10ను తెచ్చాయి.

వీటికీ, మన ఇళ్ళకు దుబాయి, కువైట్ పెట్టెల్లో వచ్చిన రిమోట్ కార్లకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పెట్టెల్లో వచ్చినవి తయారైన బొమ్మలు. సెల్లు వేస్తే నడుస్తాయి, విరిగితే అటకెక్కుతాయి. టామియా కార్లు విడిభాగాలుగా వచ్చేవి. చక్రాలు, పళ్ళచక్రాలు, చట్రం, బంపర్ అన్నీ ప్లాస్టిక్ తీగెలకు అతుక్కున్న కాయల్లా ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా కత్తిరించి, స్క్రూలు బిగించి, కారును ఇంట్లోనే కూర్చుకోవాలి. ఏ భాగం ఏ సంచిలో ఉండాలో పుస్తకంలో రాసి ఉండేది. అందుకే ఒక్క భాగం తేడాగా వచ్చినా కొన్నవారి కంటపడేది. లోపభాగాల సేకరణ అనే ఈ అలవాటు మొలకెత్తింది ఆ సంచుల్లోనే.

లోపం ఎలా పుడుతుంది?

ప్లాస్టిక్ భాగం తయారీని మన వంటింటి మాటల్లో చెబితే జంతికల గొట్టానికీ, ఇడ్లీ రేకుకూ మధ్యరకం పని. గింజలుగా ఉన్న ప్లాస్టిక్‌ను వేడిగొట్టంలో కరిగిస్తారు. ఏ.బి.ఎస్. రకం ప్లాస్టిక్ అయితే 200 నుంచి 260 డిగ్రీల దాకా వేడి కావాలి. కరిగిన ముద్దను విపరీతమైన ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి తోస్తారు. కార్మికులు దాన్ని డై అంటారు. అచ్చు రెండు దవడలుగా ఉంటుంది. లోపల నీళ్ళ గొట్టాలు దాన్ని చల్లబరుస్తాయి. గట్టిపడగానే దవడలు విచ్చుకుంటాయి, వెనుక నుంచి సన్నని ఉక్కు పుల్లలు భాగాన్ని బయటకు తోస్తాయి. ఏ ప్లాస్టిక్ వస్తువునైనా తిప్పి చూడండి, లోపలివైపు చిన్న చిన్న గుండ్రని ముద్రలు కనిపిస్తాయి. అవి ఆ పుల్లల గుర్తులే.

ఉదయం యంత్రం మొదలుపెట్టినప్పుడు అచ్చు ఇంకా చల్లగా ఉంటుంది. తోసిన ముద్ద చివరిదాకా చేరకముందే గట్టిపడుతుంది. అప్పుడు సగం చక్రం, మూడు కడ్డీలు ఉండవలసిన చోట రెండున్నర కడ్డీలు వస్తాయి. దీన్ని షార్ట్ షాట్ అంటారు. అచ్చు అరిగిపోయి దవడలు సరిగా మూసుకోకపోతే అంచు వెంట పల్చని రెక్కలా ప్లాస్టిక్ పొంగుతుంది. మందంగా ఉన్నచోట లోపలి భాగం ఆలస్యంగా చల్లారి పైతలం గుంటపడుతుంది. నైలాన్ గింజలు తేమ పీల్చుకుంటే భాగం మీద వెండిచారలు పడతాయి. ఎరుపు రంగు భాగాలు పోసిన యంత్రంలో వెంటనే నలుపు వేస్తే, గొట్టంలో మిగిలిన ఎరుపు పూర్తిగా పోయేదాకా వచ్చే భాగాలన్నీ పాలరాయిలా సుడులు తిరిగిన రంగులతో ఉంటాయి. సేకరించేవారికి ఈ సుడిరంగు భాగాలంటే మక్కువ ఎక్కువ, ఎందుకంటే ఏ రెండూ ఒకేలా ఉండవు.

మెరిసే భాగాల సంగతి ఇంకొకటి. హెడ్‌లైటు, బంపర్ వంటి వాటికి వెండి మెరుపు రావాలంటే గాలి తీసేసిన గదిలో అల్యూమినియంను ఆవిరిగా మార్చి ప్లాస్టిక్ మీద పల్చటి పొరగా పట్టిస్తారు. ఆ గదిలోకి వెళ్ళకుండానే పొరపాటున సంచిలో పడిన భాగం మెరుపు లేకుండా బోసిగా కొన్నవారి ఇంటికి చేరుతుంది.

వీటన్నిటికంటే అరుదైనవి పరీక్షపోతలు. కొత్త అచ్చు తయారైనప్పుడు అది సరిగా నిండుతోందా లేదా అని చూడటానికి దగ్గర ఉన్న ఏదో ఒక రంగు ప్లాస్టిక్‌తో కొన్ని భాగాలు పోస్తారు. అమ్మకానికి నల్లగా రావలసిన చట్రం అప్పుడు తెల్లగానో పచ్చగానో వస్తుంది. కొలతలు తీసుకున్నాక వాటి పని అయిపోతుంది.

తిరస్కరించిన భాగాల సహజమైన గమ్యం పిండియంత్రం. వాటిని ముక్కలు చేసి, కొత్త గింజలతో కొంత మేర కలిపి మళ్ళీ కరిగిస్తారు. కర్మాగారానికి అది దుబారా లేని పద్ధతి. ఒక లోపభాగం ఇన్నేళ్ళు బతికి బయటపడిందంటే ఎక్కడో ఒక కన్ను దాన్ని చూడలేదన్నమాట, లేదా ఒక చేయి దాన్ని తీసి దాచిందన్నమాట. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని తరువాత చూద్దాం.

ఇంతకీ ఎందుకింత మోజు? అరుదైనదన్న గర్వం ఒక కారణం, దాన్ని కాదనలేం. కానీ మంచి సేకర్తలను ఆకర్షించేది మరొకటి. నిండుగా పోతపడిన చక్రం తాను ఎలా తయారైందో చెప్పదు. సగం నిండిన చక్రం అంతా చెబుతుంది. ప్లాస్టిక్ ఏ వైపు నుంచి లోపలికి వచ్చింది, ఏ కడ్డీ ముందు నిండింది, ఎక్కడ ఊపిరి అయిపోయింది, అన్నీ కంటికి కనిపిస్తాయి. ఆ ముక్కను చదవగలిగిన కుర్రవాడు యంత్రాన్ని చదవగలడు. ఇది ఊరికే అన్న మాట కాదు. ప్లాస్టిక్ అచ్చుల విద్యను నేర్పడానికే కేంద్ర ప్రభుత్వం 1968లో సిపెట్ సంస్థను నెలకొల్పింది. హైదరాబాదులోని చర్లపల్లిలో, విజయవాడలో దాని కేంద్రాలున్నాయి. పదో తరగతి తరువాత మూడేళ్ళ డిప్లొమా కోర్సులున్నాయి. పాత బొమ్మలు విప్పి చూసే అలవాటున్న పిల్లవాడు ఇంట్లో ఉంటే ఈ దారి ఒకటుందని అతనికి చెప్పండి.

మన దేశపు తప్పులు

లోపాన్ని దాచుకునే అలవాటు ప్లాస్టిక్ కంటే చాలా పాతది. 1854లో కలకత్తాలో అచ్చయిన నాలుగణాల తపాలా బిళ్ళ ప్రపంచ ప్రసిద్ధం. ఎరుపు చట్రం ఒకసారి, నీలం రంగులో విక్టోరియా రాణి తల ఇంకొకసారి అచ్చువేసేవారు. కొన్ని కాగితాలు తలకిందులుగా పెట్టడంతో రాణి తల తిరగబడింది. అలాంటివి ఇప్పుడు లోకంలో కొద్ది పదులే ఉన్నాయి. అమెరికాలో 1918లో విమానం తలకిందులైన 24 సెంట్ల బిళ్ళలు వంద మాత్రమే బయటికి వచ్చాయి.

తెలుగునాట ఈ సేకరణకు దగ్గరి చుట్టం టంకశాల నాణెం. నిజాం కాలపు హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. మీ జేబులోని నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది అక్కడ ముద్రపడిందే. ముద్ర పక్కకు జరిగిన నాణెం, అంచు తెగిన బిళ్ళ మీద కొట్టిన నాణెం, ఒక విలువకు చెందిన లోహం మీద మరో విలువ ముద్రపడిన నాణెం వంటివాటిని వెతికేవారు హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ తక్కువేమీ లేరు.

బొమ్మకార్లలో కూడా మన దేశానికి ఒక స్థానం ఉంది, అయితే అది రిమోట్ కార్లలో కాదు. కలకత్తాలో నికీ టాయ్స్ పేరిట వచ్చిన లోహపు కార్లు బ్రిటన్‌లో డింకీ సంస్థ వాడి వదిలేసిన అచ్చులతో తయారైనవి. అరిగిన అచ్చులు కాబట్టి గీతలు మొద్దుబారి ఉంటాయి. 1980లలో సూట్‌కేసులతో పేరుపడిన వి.ఐ.పి. బృందానికి చెందిన బ్లో ప్లాస్ట్ సంస్థ లియో పేరుతో మట్టెల్ వారి హాట్ వీల్స్ కార్లను ఇక్కడే తయారు చేసింది. వేరే దేశాల్లో కనిపించని రంగులు, అక్కడక్కడ కుదరని పూత, పక్కకు జరిగిన ముద్ర ఆ కార్ల లక్షణాలు. మనం పిల్లలప్పుడు అరిగేదాకా దొర్లించి పారేసిన ఆ కార్ల కోసమే విదేశీ సేకర్తలు ఇప్పుడు వెతుకుతున్నారు. హాట్ వీల్స్‌లోనే అత్యంత ఖరీదైనది కూడా ఒక విఫల నమూనా. 1969లో తయారైన ఒక వోక్స్‌వ్యాగన్ బండి మరీ ఇరుకుగా, తలబరువుగా ఉండి పట్టాలమీద నిలబడలేదని పక్కన పెట్టారు. గులాబీ రంగులో మిగిలిన దాని విలువను ఇప్పుడు లక్ష డాలర్లకు పైగా కడతారు.

కుప్పంలో రైలెక్కితే రెండు మూడు గంటల్లో బెంగుళూరు చేరవచ్చు. మదనపల్లె, పుంగనూరు నుంచి బస్సులో అయినా అది పగటి ప్రయాణమే. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పేరుపడిన ఎస్.పి. రోడ్డు, చిక్కపేట దగ్గర ఆదివారాల్లో సాగే పాతసామాను బజారు, హైదరాబాదులో జుమేరాత్ బజారు, ఇవన్నీ ఇలాంటి వస్తువులు బయటపడే చోట్లు. పాతసామాను, ఇనుపసామాను వ్యాపారంలో మన సోదరులు ఎంతమంది ఉన్నారో పాఠకులకు తెలుసు. కిలోల లెక్కన వచ్చిన గోనెసంచిలో ఏముందో తెలియకుండా అమ్మేయడం ఒక నష్టం. ఏముందో తెలిసీ లేని కథ కల్పించి అమ్మడం అంతకంటే పెద్ద నష్టం.

లేని లోపాన్ని కల్పించేవారు

సహీహ్ ముస్లింలో ఉన్న ఒక ఉదంతం ఈ పత్రిక పాఠకులు ఎన్నోసార్లు చదివి ఉంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి, లోపలికి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న ధాన్యం అడుగున తడిగా తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పుకున్నాడు. అలాగైతే తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైనే ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) అడిగారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. తడిసిన ధాన్యాన్ని అసలు అమ్మకూడదని వారు అనలేదు. దాచవద్దన్నారు. లోపం ఉన్న వస్తువును లోపం చెప్పి అమ్మవచ్చు. చెప్పకుండా అమ్మితే కొన్నవాడికి దాన్ని తిరిగి ఇచ్చే హక్కు ఉంటుందని ధర్మవేత్తలు వివరించారు.

సేకర్తల బజారులో ఈ మోసం తలకిందులైంది. అక్కడ లోపానికే ధర. కాబట్టి మోసగాడు లోపాన్ని దాచడు, బాగున్న వస్తువుకు లోపం తగిలిస్తాడు. మామూలు తెల్ల నైలాన్ భాగాన్ని గుడ్డలకు వేసే రంగునీళ్ళలో మరిగిస్తే ఎన్నడూ అమ్ముడుపోని రంగు భాగం తయారవుతుంది. వెండిమెరుపు భాగాన్ని ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణంలో నానబెడితే మెరుపు ఊడిపోయి 'మెరుపు పట్టని అరుదైన భాగం' అవుతుంది. ఎండలో పెట్టిన తెల్ల ఏ.బి.ఎస్. ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది. విరిగిన చక్రాన్ని అరగదీసి సగంపోత చక్రమని చూపిస్తారు. నాణేల్లో కూడా ఇంతే. ఆకురాయి, ఆమ్లం ఉంటే చాలు, ఎన్ని 'టంకశాల తప్పులు' కావాలన్నా తయారవుతాయి. పొట్టి దూడ ప్రతిదీ పుంగనూరు దూడ కానట్టే వింతగా కనిపించిన ప్రతి ముక్కా కర్మాగారం తప్పు కాదు.

గుర్తుపట్టే పద్ధతులు ఉన్నాయి. నిజంగా సగం పోతపడిన భాగం అంచు గుండ్రంగా, నున్నగా, మెరుపుతో ఉంటుంది, పారుతూ పారుతూ ఆగిన ద్రవం కదా. విరిగిన అంచు గరుకుగా, పదునుగా ఉంటుంది. వంగినచోట తెల్లని మచ్చ పడుతుంది. రంగునీళ్ళలో మరిగించిన భాగంలో రంగు పైపొరకే ఉంటుంది. కనపడని మూల సన్నని సూదితో గీకితే లోపలి తెలుపు బయటపడుతుంది. అచ్చులో పడిన రంగు లోపలంతా ఒకటే. మెరుపు ఊడదీసిన భాగం మూలల్లో, అక్షరాల సందుల్లో వెండి చుక్కలో, మెరుపు కింద పూసే వార్నిషు మరకలో మిగిలి ఉంటాయి. జిగురుపోతతో చేసిన నకలులో సూదిమొనంత బుడగలు ఉంటాయి. తోపుడు పుల్లల గుర్తులు ఉండవు, ఉన్నా అస్పష్టంగా ఉంటాయి. కొలిస్తే అసలుకంటే వెంట్రుకవాసి చిన్నదిగా తేలుతుంది, ఎందుకంటే పోత ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది.

మరో చిక్కు ఉంది. పాత కార్లకు గిరాకీ చూసి టామియా సంస్థ 2000 తరువాత గ్రాస్‌హాపర్, హార్నెట్, ఫ్రాగ్ వంటివాటిని మళ్ళీ విడుదల చేసింది; 2010లో శాండ్ స్కార్చర్ కూడా వచ్చింది. కొన్ని భాగాలను మార్చారు, కొన్ని అలాగే ఉంచారు. అందువల్ల కొత్త విడుదలలోని భాగాన్ని 1979 నాటి పరీక్షపోతగా చలామణి చేయడం తేలిక. కొనేముందు రెండు విడుదలల భాగాలనూ పక్కపక్కన పెట్టి చూడనివారు ఈ బజారులో అడుగుపెట్టకపోవడం మేలు.

వేలంలో ధర పెంచడానికి తనవారితోనే దొంగపాట పాడించే అలవాటు కూడా ఇక్కడ ఉంది. కొనే ఉద్దేశం లేకుండా ఎదుటివాడిని ఉచ్చులో వేయడానికి పాట పెంచడాన్ని ప్రవక్త (స) నిషేధించారు. హదీసులో దానికి నజ్ష్ అని పేరు. పద్నాలుగు వందల ఏళ్ళనాటి ఒంటెల బజారులో ఉన్న జబ్బు ప్లాస్టిక్ చక్రాల వేలంలోనూ ఉండటం చూస్తే మనిషి ఎంత తక్కువ మారాడో అనిపిస్తుంది.

ఇది ఎవరి సొత్తు?

నా దృష్టిలో ఈ సేకరణలో అసలు ప్రశ్న ఇదే. సేకర్తలు తమలో తాము ధర గురించి, అరుదుతనం గురించి ఎంతో మాట్లాడుకుంటారు. ఈ ప్రశ్న దగ్గర మాత్రం తరచుగా గొంతు తగ్గిస్తారు.

పిండియంత్రంలోకి పోవలసిన భాగం సేకర్త అల్మారాలోకి ఎలా వచ్చింది? కొన్ని దారులు నిష్కళంకమైనవి. తనిఖీ కళ్ళు గప్పి సీలు వేసిన సంచిలో కొన్నవారి ఇంటికి చేరిన లోపభాగం సంగతి చూడండి. దాని ధర చెల్లించారు, అది కొన్నవారిదే. లోపం ఉందని రాస్తే కంపెనీ మంచి భాగాన్ని పంపి, పాతదాన్ని వెనక్కి అడగకపోవచ్చు, అదీ వారిదే. కర్మాగారం తుక్కుగా తూకం వేసి అమ్మిన సరుకులోంచి ఏరుకున్నదీ ధర్మసమ్మతమే, అమ్మిన యజమానికి అమ్మే హక్కు ఉంది కాబట్టి. కంపెనీయే దుకాణదారులకో పత్రికలవారికో చూపడానికి ఇచ్చిన నమూనాలు కూడా ఉంటాయి. ఇచ్చివేశారా, చూసి తిరిగివ్వమన్నారా అన్నది మాత్రం తెలుసుకోవాలి.

నాలుగో దారి జేబు. పని ముగించుకుని వెళ్ళే వ్యక్తి పారేసేదే కదా అని ఒక ముక్క జేబులో వేసుకుంటాడు. పారేసేది అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ ముందే చూశాం, కర్మాగారంలో అది పారేసేది కాదు, మళ్ళీ కరిగించే ముడిసరుకు. యజమాని అనుమతి లేకుండా తీసుకున్నది చెత్తబుట్ట పక్కన ఉన్నంత మాత్రాన హలాల్ కాదు. ఉద్యోగి చేతిలో ఉన్న వస్తువు అమానత్. యాభై ఏళ్ళ తరువాత పది చేతులు మారి వచ్చిన ముక్క విషయంలో ఇంత లోతుగా వెళ్ళాలా అని అడగవచ్చు. మొదటి చేయి ఏదో తెలియని పాత వస్తువును బజారులో అందరిముందూ కొన్నవాడు దొంగతనంలో భాగస్వామి అవుతాడని నేను అనను. ఎక్కడ నుంచి వచ్చిందో తెలిసీ కొనేవాడి సంగతి వేరు. "మా బావ ఫ్యాక్టరీ నుంచి నెలనెలా తెస్తాడు" అని అమ్మేవాడు గర్వంగా చెప్పినప్పుడు కొనేవాడికి ఇక తెలియదనే వీలు లేదు. ఆ బేరం దగ్గర లేచి వచ్చేయడమే సరైన పని, ఆ ముక్క ఎంత అరుదైనదైనా సరే.

మన పట్టణాలకు చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో పనిచేసే పిల్లలు ఎన్ని ఇళ్ళలో ఉన్నారు! హోసూరు, బెంగుళూరు, శ్రీసిటీ కర్మాగారాలకు వెళ్ళే అబ్బాయి ఏదైనా వింత ముక్క ఇంటికి తెచ్చి తమ్ముడికి ఇస్తే తల్లి అడగవలసిన ప్రశ్న ఒకటే: "సూపర్‌వైజరును అడిగావా, నాయనా?" అడిగి తెచ్చుకుంటే అభ్యంతరం లేదు. తుక్కులోంచి ఒక ముక్కకు అనుమతి అడిగితే చాలాచోట్ల తీసుకోమనే అంటారు.

ఇంటి లెక్కలు

అటక మీది పాత రిమోట్ కారులో లక్షలున్నాయని మాత్రం అనుకోకండి. మన ఇళ్ళలో ఉన్నవి దాదాపు అన్నీ మామూలు బొమ్మలే, వాటికి సేకరణ విలువ దాదాపు శూన్యం. పాత వస్తువులకు లక్షలిస్తామని వచ్చే ఫోన్లను నమ్మకూడదు. రిజర్వ్ బ్యాంకు తన పేరు వాడుకుని పాత నాణేలు, నోట్లు కొంటామంటూ కమీషన్లు, పన్నులు అడిగి దోచుకునేవారి గురించి 2021 ఆగస్టులోనే హెచ్చరిక ప్రకటన ఇచ్చింది. కొనేవాడు మీ దగ్గర ముందుగా డబ్బు అడిగాడంటే అతను కొనేవాడు కాదు.

సేకరణ సొంత సంతోషానికే అయితే దాని మీద జకాత్ లేదు. అమ్మే ఉద్దేశంతో కొని పెట్టుకుంటే అది వ్యాపార సరుకు అవుతుంది. నిసాబ్ మేరకు ఉండి ఏడాది గడిస్తే విలువ కట్టి రెండున్నర శాతం తీయాలి. ఇలాంటి వస్తువులకు విలువ కట్టడం కష్టమే, కాబట్టి మీ ఊరి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ఇంటి ఖర్చుకు, పిల్లల చదువుకు తీసిపెట్టిన సొమ్ముతో సగం చక్రం కొనడం ఎలాంటిదో చెప్పడానికి ఆలిమ్‌ను అడగనవసరం లేదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ వస్తువులు ఎత్తులో ఉండాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. పాత ముక్కలు ఆ పరీక్షలేవీ చూడనివి, వాటి రంగుల్లో ఏముందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కార్లతో పాటు వచ్చే పాత 7.2 వోల్టుల బ్యాటరీలు మరీ ప్రమాదం. అవి నికెల్-కాడ్మియం సెల్లు, ఆరేసి చొప్పున ప్లాస్టిక్ తొడుగులో ఉంటాయి. కాడ్మియం విషం. తొడుగు మీద తెల్లని పొడి కనిపిస్తే లోపలి క్షారం కారిందని అర్థం. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు, చెత్తలోనో కాలువలోనో పారేయకూడదు. బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికే ఇవ్వాలి.

ఇక దాచే పద్ధతి. ఎండ, వేడి ప్లాస్టిక్‌కు శత్రువులు. ఈ విషయంలో హార్స్‌లీ కొండల నీడనున్న మదనపల్లెకు, పీఠభూమి మీదున్న పుంగనూరు, కుప్పాలకు కడప, కర్నూలు కంటే కొంత అదృష్టం ఉంది. అటక మీద, రేకుల కప్పు కింద మాత్రం ఎక్కడైనా పెట్టకూడదు. పెళుసుబారిన నైలాన్ భాగాన్ని వేడినీళ్ళలో కాసేపు ఉంచితే తేమ పీల్చుకుని మళ్ళీ కొంత వంగే గుణం తెచ్చుకుంటుంది. అన్నిటికంటే ముందు చేయవలసిన పని రబ్బరు టైర్లను చక్రాల నుంచి వేరు చేయడం. రబ్బరులోని మెత్తదనాన్నిచ్చే నూనె ఏళ్ళ తరబడి తగిలి ఉన్నచోట ప్లాస్టిక్‌ను కరిగించి అంటుకుపోతుంది. అప్పుడు కర్మాగారం చేయని లోపం మన అల్మారా చేస్తుంది. ఒక్కో భాగాన్ని విడిగా తెల్లకాగితంలో చుట్టి, పైన పెన్సిలుతో మూడు సంగతులు రాయండి: ఏ కారుది, ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నది, దాని లోపం ఏమిటి. లోపం కచ్చితంగా తెలియకపోతే 'తెలియదు' అనే రాయండి. రేపు ఆ డబ్బా తెరిచే కొడుకో మనవడో దాన్ని అమ్మదలిస్తే కొనేవాడికి చదివి వినిపించవలసింది ఆ కాగితమే.